ఒక్కసారే దొరికే ఏడాది: నాప్స్ అప్రెంటిస్‌షిప్, దాని పోర్టల్‌పై సమీక్ష

ఐటీఐ మెమో చేతికి రాగానే ఇంట్లోనూ బంధువుల్లోనూ వినబడే మాట ఒకటే: "ముందు అప్రెంటిస్ చెయ్యి". మాట మంచిదే. ఎక్కడ చేయాలి, ఏ కాగితం మీద చేయాలి, ఏడాది గడిచాక చేతిలో ఏముండాలి అని వివరంగా చెప్పేవాళ్ళే తక్కువ. ఈ సమీక్ష కేంద్ర ప్రభుత్వ నాప్స్ (నేషనల్ అప్రెంటిస్‌షిప్ ప్రమోషన్ స్కీమ్) పథకం మీద, దాన్ని నడిపే అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్ మీద.

ముందే తీర్పు చెప్పేస్తాను. కాగితం, డబ్బు విషయంలో పథకాన్ని నమ్మవచ్చు. పని వస్తుందా రాదా అన్నది మాత్రం పూర్తిగా మీరు చేరే షాపు (పని జరిగే వర్క్‌షాప్) చేతిలో ఉంది, ఆ తేడా పోర్టల్‌లో కనబడదు. ఇంకో సంగతి. చాలా ప్రభుత్వ రంగ సంస్థల నోటిఫికేషన్లలో, రైల్వే నోటిఫికేషన్లలో "ఇప్పటికే అప్రెంటిస్ పూర్తి చేసినవారు, ప్రస్తుతం చేస్తున్నవారు అనర్హులు" అన్న షరతు ఉంటుంది. కొన్నిచోట్ల ఏడాదికి మించి ఉద్యోగానుభవం ఉన్నా తీసుకోరు. అంటే తొందరపడి పేరు తెలియని షెడ్డులో ఆ ఏడాది ఖర్చు చేసేస్తే, రేపు లాలాగూడ వర్క్‌షాప్‌కో విశాఖ నేవల్ డాక్‌యార్డ్‌కో నోటిఫికేషన్ పడినప్పుడు చూస్తూ కూర్చోవాల్సిందే. కనుక ఏ వస్తువు కొనేటప్పుడూ చూడనంత జాగ్రత్తగా దీన్ని చూసుకోవాలి.

అప్రెంటిస్ చట్టం పాతది, 1961 నాటిది. 2014లో పెద్ద సవరణ జరిగింది, నిబంధనలు 2019లో మళ్ళీ మారాయి. 30 మంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థా కాంట్రాక్టు కార్మికులతో కలిపి తన మొత్తం బలగంలో 2.5 నుంచి 15 శాతం మేర అప్రెంటిస్‌లను తీసుకోవాలి. నలుగురి నుంచి 29 మంది దాకా ఉన్న చిన్న యూనిట్లకు ఇది ఐచ్ఛికం. 2016 ఆగస్టులో నాప్స్ వచ్చాక అప్రెంటిస్‌కు నెలనెలా ఇచ్చే స్టైపెండ్‌లో ప్రభుత్వం కొంత భరించడం మొదలైంది. 2022-23 నుంచి 2025-26 వరకు ఆమోదించిన రెండో దశలో ఆ వాటా స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 రూపాయలకు మించకుండా. 2023 ఆగస్టు నుంచి ఈ వాటా యజమాని చేతికి వెళ్ళకుండా నేరుగా అప్రెంటిస్ ఖాతాలో పడుతోంది.

2019 నిబంధనల ప్రకారం నెలకు కనీస స్టైపెండ్ ఇలా ఉంది: ఐదు నుంచి తొమ్మిదో తరగతి చదివినవారికి 5,000, పది పాసైతే 6,000, ఇంటర్ లేదా ఐటీఐ అయితే 7,000, డిప్లొమాకు 8,000, డిగ్రీకి 9,000. ఇది కనీసం మాత్రమే, ఎక్కువ ఇవ్వడానికి ఏ అడ్డూ లేదు. కొన్ని బ్యాంకులు, పెద్ద కంపెనీలు ఇస్తున్నాయి కూడా. రెండో ఏడాది 10 శాతం, మూడో ఏడాది 15 శాతం పెరగాలి. 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి ఈ మొత్తాలను 36 శాతం పెంచి 6,800 నుంచి 12,300 మధ్య చేయాలని సిఫారసు చేసింది. మీ కాంట్రాక్టు తేదీ నాటికి ఏ రేటు అమల్లో ఉందో పోర్టల్‌లో చూసుకుని సంతకం పెట్టండి.

ఐటీఐ పాసైన పిల్లవాడి లెక్క చూద్దాం. 7,000లో 25 శాతం 1,750. పరిమితి 1,500 కాబట్టి ప్రభుత్వం 1,500, కంపెనీ 5,500. రెండూ వేర్వేరుగా, వేర్వేరు రోజుల్లో వస్తాయి. కంపెనీ వాటా మరుసటి నెల పదో తేదీలోపు పడాలి. ప్రభుత్వ వాటా కంపెనీ హాజరు, చెల్లింపు వివరాలు పోర్టల్‌లో ఎక్కించాకే కదులుతుంది. ఒక నెల ఎక్కించకపోతే ఆ నెల 1,500 ఆగిపోతుంది. "ప్రభుత్వం డబ్బులు వేయలేదు" అని వచ్చే ఫిర్యాదు చాలాసార్లు హెచ్‌ఆర్ టేబుల్ దగ్గరే ఆగిన పని. ముందు అక్కడే మర్యాదగా అడగండి.

ఏడు వేలు చాలవు, ఆ మాట దాచాల్సిన పని లేదు. హైదరాబాద్‌లో గది అద్దె, మెస్ పోతే మిగిలేదేమీ ఉండదు. కాబట్టి చేరే ముందు అడగాల్సింది స్టైపెండ్ ఎంత అని ఒక్కటే కాదు. క్యాంటీన్‌లో అప్రెంటిస్‌లకు భోజనం ఏ రేటుకు, కంపెనీ బస్సు ఎక్కనిస్తారా, యూనిఫామ్, సేఫ్టీ షూ ఎవరిస్తారు? నెలకు మూడు వేల తేడా ఈ మూడు ప్రశ్నల్లోనే ఉండొచ్చు. అప్రెంటిస్ చట్టం కింద చేరినవారికి పీఎఫ్, ఈఎస్ఐ వర్తించవు. కానీ పనిలో గాయమైతే నష్టపరిహారం బాధ్యత యజమానిదే, చట్టంలో ఆ సెక్షన్ స్పష్టంగా ఉంది. అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ (ఈ చట్టం అమలు చూసే ప్రభుత్వ అధికారి) అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదు. ఆర్డర్ ఒత్తిడి పెరిగిన నెలల్లో మొదట గాలికి వదిలేసేది ఈ నిబంధననే.

ఇక పోర్టల్. నమోదు ఉచితం. ఆధార్, మొబైల్ నంబర్, ఈమెయిల్, చదువు సర్టిఫికెట్లు, బ్యాంకు వివరాలు ఉంటే గంటలో పని అయిపోతుంది. ట్రేడు, జిల్లా పెట్టి వెతికితే ఖాళీలు కనబడతాయి. దరఖాస్తు చేయడం, కంపెనీ ఎంపిక చేయడం, కాంట్రాక్టు పంపడం, మీరు లాగిన్ అయి ఆమోదించడం, ఆపైన కాంట్రాక్టు నంబరు పుట్టడం, ఇదీ వరస. ఆ నంబరు లేనంత వరకు మీరు చట్టం దృష్టిలో అప్రెంటిస్ కాదు. "ట్రైనీగా చేరు, పేపర్లు తర్వాత చూద్దాం" అన్నచోట నంబరు వచ్చేదాకా ఆగండి. లేకపోతే ఏడాది పని చేసినా పరీక్ష ఉండదు, సర్టిఫికెట్ ఉండదు. అభ్యర్థి దగ్గర ఫీజు తీసుకుని "పోర్టల్‌లో సీటు ఇప్పిస్తాం" అనేవాళ్ళకు ఒక్క రూపాయి ఇవ్వకండి.

పోర్టల్‌లో మన రాష్ట్రాల పిల్లలకు ఎక్కువగా తగిలే దెబ్బ పేరు దగ్గర. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది. ఆధార్‌లో అదే ఇంటిపేరు ఒక్క అక్షరమై పోయి ఉంటుంది, లేదా పేరు తర్వాతకు వెళ్ళి ఉంటుంది. ఐటీఐ సర్టిఫికెట్‌లో ఇంకోలా పడుతుంది. మూడింట్లో మూడు పేర్లతో కాంట్రాక్టు పుడితే, చివర్లో జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ మీద ఏ పేరు వస్తుందో, ఉద్యోగం చేరేచోట ధ్రువపత్రాల పరిశీలనలో ఏమంటారో ఊహించుకోండి. చేయాల్సింది ఇదీ: పదో తరగతి మెమోను ప్రమాణంగా పెట్టుకుని ఆధార్‌ను దానికి సరిచేయించండి. సరిచేశాకే పోర్టల్‌లో నమోదు చేయండి. తర్వాత మార్చడం ముందు మార్చడం కంటే చాలా కష్టం.

రెండో దెబ్బ బ్యాంకు ఖాతా. ప్రభుత్వ వాటా ఆధార్ ఆధారంగా పడుతుంది. మీరు పోర్టల్‌లో ఇచ్చిన ఖాతా ఒకటి, ఆధార్ మ్యాపై (జతపడి) ఉన్న ఖాతా ఇంకొకటి అయితే డబ్బు మ్యాపైన దాంట్లోకే పోతుంది. స్కాలర్‌షిప్ కోసం ఇంటర్‌లో తెరిచి వదిలేసిన ఖాతాలోనో, సిమ్‌తోపాటు తెరిచిన పేమెంట్స్ బ్యాంక్‌లోనో ఆరు నెలల డబ్బు కూర్చుని ఉండటం మామూలే. ఆధార్ జారీచేసే ఉడాయ్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే ఏ బ్యాంకుకు అంటుకుని ఉందో తెలుస్తుంది. మార్చాలంటే కావాల్సిన బ్యాంకుకు వెళ్ళి ఆధార్ సీడింగ్ ఫారం ఇవ్వాలి.

డిప్లొమా, డిగ్రీవాళ్ళు ఇక్కడ పొరపాటు పడుతున్నారు. వారికి విద్యాశాఖ నడిపే నాట్స్ (నేషనల్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ స్కీమ్) అనే వేరే పథకం, వేరే పోర్టల్ ఉన్నాయి. అక్కడ కనీస స్టైపెండ్‌లో సగం ప్రభుత్వానిది: డిగ్రీకి 4,500, డిప్లొమాకు 4,000. దక్షిణాది వ్యవహారాలు చూసే బోర్డు చెన్నైలో ఉంది. నోటిఫికేషన్‌లో ఏ పోర్టల్ ఎన్‌రోల్‌మెంట్ నంబరు అడిగారో చదవకుండా రెండోది ఇస్తే దరఖాస్తు అక్కడే పోతుంది. 2024 అక్టోబరులో వచ్చిన పీఎం ఇంటర్న్‌షిప్ కూడా దీనితో సంబంధం లేనిదే. మొదలైనప్పుడు అది 21 నుంచి 24 ఏళ్ళ వారికి, నెలకు 5,000 ఇచ్చే ఇంటర్న్‌షిప్. అది అప్రెంటిస్ చట్టం కిందికి రాదు.

ఇప్పుడు అసలు విషయం, పని. ఐటీఐలో టర్నర్ రెండేళ్ళు, ఫిట్టర్ రెండేళ్ళు, వెల్డర్ ఏడాది. టర్నర్ చేతికి అలవాటయ్యేది ఎక్కువగా మామూలు లేత్ (లోహపు ముక్కను తిప్పుతూ చెక్కే యంత్రం). జీడిమెట్లలోనో చర్లపల్లిలోనో షాపులోకి అడుగుపెడితే ఎదురయ్యేది ఫానుక్ కంపెనీ కంట్రోలర్ ఉన్న సీఎన్‌సీ, అంటే తెర మీద అంకెలు కొట్టి కంప్యూటర్‌తో నడిపే యంత్రం. పిల్లవాడికి తెలివి లేక కాదు, ఆ తెర ముందు అతన్ని ఎవరూ నిలబెట్టలేదు, అంతే. పరిశ్రమలవాళ్ళు నైపుణ్యాల కొరత అనేది, ఇంటర్వ్యూల్లో విసుక్కునేది చాలావరకు పాత లేత్‌కూ ఆ తెరకూ మధ్య ఉన్న ఈ పదడుగుల దూరాన్ని చూసే.

ఒక ఉదాహరణ దగ్గరగా చూడండి. డ్రాయింగ్‌లో 40 మిల్లీమీటర్ల వ్యాసం, ప్లస్ ఆర్ మైనస్ 0.02. టూల్ అరుగుతున్నకొద్దీ జాబ్ (చెక్కుతున్న ముక్క) లావుగా వస్తుంది. మైక్రోమీటర్ 40.06 చూపించింది. టూల్ స్థానాన్ని సవరించే ఆఫ్‌సెట్ స్క్రీన్‌లో ఆ టూల్ వేర్ (అరుగుదల సవరణ) విలువ ఇప్పటికే మైనస్ 0.12 ఉంది. ఇంకో మైనస్ 0.06 కలపాలి, అంటే మైనస్ 0.18 కావాలి. దానికి మైనస్ 0.06 కొట్టి ప్లస్ ఇన్‌పుట్ నొక్కాలి. కొత్త కుర్రాడు ఉత్త ఇన్‌పుట్ నొక్కుతాడు. పాత విలువ చెరిగిపోయి వేర్ మైనస్ 0.06 అవుతుంది, తర్వాతి జాబ్ తగ్గాల్సింది పోయి 40.12 వస్తుంది. కంగారులో మళ్ళీ కొడతాడు, ఈసారి చుక్క పెట్టడం మరిచిపోతాడు. మెషిన్ సెట్టింగ్‌ను బట్టి ఆ అంకె మైక్రాన్లు (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతులు) కావొచ్చు, మిల్లీమీటర్లు కావొచ్చు. మిల్లీమీటర్లయితే టూల్ వెళ్ళి జాబ్‌లో దిగబడుతుంది, టూల్ కొనన ఉండే ఇన్‌సర్ట్ పగిలిపోతుంది.

ఇంకో తప్పు దీనికంటే ముందే జరుగుతుంది. మెషిన్ నుంచి తీసిన వేడి జాబ్‌ను అలాగే కొలుస్తాడు. 40 మిల్లీమీటర్ల ఉక్కు ముక్క 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 9 మైక్రాన్లు ఉబ్బుతుంది. 0.02 టాలరెన్స్‌లో (అనుమతించిన తేడాలో) అది సగానికి దగ్గర. అంటే సరైన జాబ్‌కు లేని తప్పు దిద్దినట్టవుతుంది. మైక్రోమీటర్ సున్నా సరిచూసుకోవడం, జాబ్ చల్లారనివ్వడం, ఆఫ్‌సెట్ మార్చాక మొదటి ముక్కను ఫీడ్ తగ్గించి, చెయ్యి ఫీడ్ హోల్డ్ (టూల్ కదలికను ఆపే బటన్) దగ్గర ఉంచి నడపడం, ఈ మూడు అలవాట్లూ పక్కన నిలబడి చూపించేవాళ్ళుంటే వారంలో వస్తాయి. చూపించేవాళ్ళు లేకపోతే ఏడాదైనా రావు, ఎందుకంటే తప్పు చేస్తాడన్న భయంతో ఆ తెరను అసలు ముట్టుకోనివ్వరు. ముక్కలు ఎక్కించి దించడమే పనైపోతుంది.

వెల్డింగ్‌లోనూ ఇంతే. 7018 రకం వెల్డింగ్ రాడ్ తేమ పీలిస్తే వెల్డ్‌లో చిల్లులు పడతాయి, హైడ్రోజన్ వల్ల పగుళ్ళు వస్తాయి. తయారీదారు చెప్పిన ఉష్ణోగ్రతలో ఓవెన్‌లో కాల్చి, పని దగ్గర వేడి పెట్టెలో ఉంచి, ఒక్కొక్కటి తీసి వాడాలి. ఈ విషయం పుస్తకంలో ఒక వాక్యం. రేడియోగ్రఫీలో (ఎక్స్‌రే లాంటి పరీక్షలో) జాయింట్ ఫెయిలై, గ్రైండర్‌తో తవ్వి మళ్ళీ కట్టినప్పుడే ఆ వాక్యానికి అర్థం తెలుస్తుంది. సీఓటూ, టిగ్ రకాల వెల్డింగ్ మెషిన్ల మీద చేతికి పనిచ్చే షాపయితే సంతకం పెట్టవచ్చు.

మరి మంచి షాపు ఎలా తెలుస్తుంది? ఇంటర్వ్యూకి వెళ్ళిన రోజే తెలుస్తుంది, కళ్ళు తెరిచి చూస్తే. నాకు నేర్పేదెవరు, పేరు చెప్పండి అని అడగండి. పేరు చెప్పగలిగితే మంచి గుర్తు. "అందరూ నేర్పుతారు" అంటే ఎవరూ నేర్పరు. పోయిన బ్యాచ్ అప్రెంటిస్‌లు ఇప్పుడెక్కడున్నారో అడగండి. 2014 సవరణ ప్రకారం శిక్షణ పూర్తయినవారిని ఉద్యోగంలోకి తీసుకునే విధానం ప్రతి సంస్థకూ ఉండాలి, అదేమిటో అడగడం మీ హక్కు. ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమం మాత్రం లేదు, ఆ భ్రమతో వెళ్ళొద్దు. ఏడాదిలో ఏయే సెక్షన్‌లో ఎన్ని వారాలు అన్న రొటేషన్ కాగితం గోడ మీద ఉంటే ఇంకా మంచిది. రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లాంటి పెద్ద ప్రభుత్వ రంగ సంస్థలు, విశాఖ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూలు పేరుపొందింది ఈ క్రమం వల్లే. నేర్పడానికి మనుషులు, నేర్చుకోవడానికి వేరే బెంచీలు ఉంటాయి. ఆర్టీసీ డిపో గ్యారేజీల్లో డీజిల్ మెకానిక్‌లకు ఇంకో రకమైన లాభం ఉంది. రోజూ బళ్ళు వస్తూనే ఉంటాయి కాబట్టి క్లచ్, బ్రేకు, ఎయిర్ లైను పని చేతికి దొరకకపోవడం ఉండదు.

చేరిన మొదటి రోజు నుంచి లాగ్‌బుక్ రాయండి. "లేత్ పని చేశాను" అని రాస్తే దానికి విలువ లేదు. తేదీ, మెషిన్, జాబ్ పేరు, డ్రాయింగ్‌లో కొలత, మీరు తెచ్చిన కొలత, తేడా ఎందుకొచ్చింది, సూపర్‌వైజర్ సంతకం. రోజుకు నాలుగు వరసలు చాలు. ఇంకో చోట ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ చూసి తలూపేవాళ్ళు, ఈ నోటు పుస్తకం తెరిస్తే కుర్చీ ముందుకు జరుపుకుంటారు.

చిన్న యూనిట్ యజమానులకు రెండు మాటలు. నెలకు 5,500కు మనిషి దొరికాడని లెక్క వేసుకుంటే ఈ పథకం మీకు నష్టమే. మొదటి మూడు నెలలు అతను తీసే ముక్కల కంటే పాడుచేసేవే లెక్కలోకి వస్తాయి, ఫోర్‌మన్ సమయం రోజుకు గంట చొప్పున నెలకు 26 గంటలు పోతుంది. ఆ గంటకు కూడా విలువ కట్టి, ఫోర్‌మన్ టార్గెట్ ఆ మేరకు తగ్గించండి. టార్గెట్ తగ్గించకుండా "పిల్లవాడికి నేర్పు" అంటే ఏ ఫోర్‌మనూ నేర్పడు, అతన్ని తప్పుపట్టడానికీ లేదు. స్క్రాప్ కోసం విడిగా కొంత మెటీరియల్ కేటాయించండి, తిరస్కరించిన పాత ముక్కలైనా చాలు. నాలుగో నెల నుంచి అతను ఒక మెషిన్ చూసుకోగలిగితే మిగతా తొమ్మిది నెలల్లో పెట్టింది తిరిగొస్తుంది. పూర్తయ్యాక ఊళ్ళో పక్క యూనిట్ ఇచ్చే జీతానికి సమానంగా ఇచ్చి నిలుపుకోండి. వెయ్యి రూపాయల దగ్గర వదులుకుంటే మళ్ళీ మొదటి నెల నుంచి మొదలుపెట్టాలి.

శిక్షణ ముగిశాక చాలామంది మధ్యలో వదిలేసేది పరీక్ష. డెసిగ్నేటెడ్ ట్రేడ్‌లో (చట్టం కింద ప్రభుత్వం నోటిఫై చేసిన ట్రేడ్‌లో) చేసినవారికి అఖిల భారత ట్రేడ్ టెస్ట్ ఉంటుంది, పాసైతేనే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్. కాంట్రాక్టు ముగిసిన రోజే పరీక్ష ఉండదు. ఈలోగా వేరే ఊరు వెళ్ళిపోయి, నంబరు మార్చేసి, హాల్‌టికెట్ సంగతి తెలియక తప్పిపోయినవారు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. రైల్వేలో శిక్షణ పూర్తిచేసిన యాక్ట్ అప్రెంటిస్‌లకు (అప్రెంటిస్ చట్టం కింద చేసినవారికి) లెవెల్-1, అంటే మొదటి మెట్టు ఉద్యోగాల నియామకాల్లో 20 శాతం వాటా ఉంది, ఆ వాటా అడగాలంటే ఈ సర్టిఫికెట్ ఉండాల్సిందే. కంపెనీ వదిలే రోజున మీ హాజరు, కాంట్రాక్టు పూర్తయినట్టు పోర్టల్‌లో ఎక్కించారో లేదో హెచ్‌ఆర్ పక్కన కూర్చుని చూసుకోండి. పోర్టల్‌లో ఇచ్చిన సిమ్‌ను ఫలితాలు వచ్చి సర్టిఫికెట్ డౌన్‌లోడ్ అయ్యేదాకా రీచార్జ్ చేయించి ఉంచండి.